చవగ్గా కొన్న నేల

భూమి కొనడం తేలిక. కొన్న భూమిని అన్నదమ్ములు పంచుకోవడమే కష్టం. యీ సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. గట్టు దగ్గర మొదలైన మాట కోర్టు దాకా పోతుంది. కోర్టులో తేలకపోతే కర్రల దాకా పోతుంది. ఒక దేశానికి దేశమే యిలా భూమి కొని, పంపకంలో తగాదా పడి, చివరకు తనను తానే నరుక్కున్న కథ ఒకటి వుంది. అది అమెరికా సంయుక్త రాష్ట్రాల కథ.

ఆ దేశం పడమటికి విస్తరించిన వైనం సినిమాల పుణ్యమా అని మనందరికీ కొంత తెలుసు. గుర్రాలూ, తుపాకులూ, గూడు బళ్లూ, బంగారం కోసం పరుగులూ తెర మీద చూసినవే. కాని యీ సందడిలో అసలు సంగతి మరుగున పడిపోతుందని నా అభిప్రాయం. పడమట దొరికిన ప్రతి ఎకరం వెనుకా ఒక ప్రశ్న వుంది. ఆ నేల మీద రేపు ఏర్పడే రాష్ట్రం తరఫున వాషింగ్టనులో ఎవరు కూర్చుంటారు? బానిసలను వుంచుకునేవాళ్లా, వుంచుకోనివాళ్లా? యీ ప్రశ్నతోనే ఆ దేశం డెబ్భై యేళ్లకు పైగా గడిపింది. జవాబు తేలేసరికి ఆరు లక్షల మందికి పైగా ప్రాణాలు పోయాయి.

రెండేసి కుర్చీలు

1783లో ఇంగ్లండుతో సంధి కుదిరేనాటికి కొత్త దేశానికి పడమటి హద్దు మిస్సిసిపీ నది. అప్పలాచియన్ కొండలకూ ఆ నదికీ మధ్యనున్న అడవులనూ మైదానాలనూ ఏం చెయ్యాలి? పాత సామ్రాజ్యాలైతే వలసలుగా వుంచుకుని పన్నులు పిండుకునేవి. అమెరికన్లు నిన్నటిదాకా తామే వలస ప్రజలు, తిరగబడి గెలిచినవాళ్లు. అందుకని వేరే దారి తొక్కారు. 1787లో వారు చేసిన వాయవ్య ప్రాంత శాసనం ప్రకారం, ఒహాయో నదికి ఉత్తరాన ఒక భాగంలో 60,000 మంది స్వతంత్ర జనం చేరితే చాలు, అది రాష్ట్రం కావచ్చు. పాత 13 రాష్ట్రాలతో అన్ని విధాలా సరిసమానం. ఆ ప్రాంతంలో బానిసత్వం కూడదని కూడా అదే శాసనం చెప్పింది.

యిది సామాన్యమైన నిర్ణయం కాదు. నిన్నగాక మొన్న చెట్లు కొట్టి గుడిసె వేసుకున్నవాడికీ, నూటడెబ్భై యేళ్లకు పైబడి పాతుకున్న వర్జీనియాలోని పెద్ద భూస్వామికీ ఒకే హోదా! కాని తగాదా విత్తనం కూడా యీ సమానత్వంలోనే పడింది. ఎందుకంటారా, అక్కడి సెనేటులో రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా రెండే స్థానాలు. మన రాజ్యసభలో జనాభాను బట్టి ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలున్నాయి. అక్కడ ఆ పద్ధతి లేదు. కొత్త రాష్ట్రం పుట్టిందంటే సెనేటులో రెండు కొత్త కుర్చీలు పడ్డాయన్నమాటే.

దిగువ సభలో మాత్రం జనాభా లెక్క. అందులోనూ ఒక విడ్డూరం వుండేది. బానిసకు ఓటు లేదు. కాని ఐదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా లెక్కకట్టి, ఆ మేరకు యజమానుల రాష్ట్రాలకు స్థానాలిచ్చారు. అయినా ఉత్తరాది జనాభా దక్షిణాదిని దాటిపోయింది. దిగువ సభ చేజారుతున్న దక్షిణాదికి సెనేటే కోట అయింది. ఆ కోట నిలవాలంటే పడమట ఎప్పటికప్పుడు కొత్త బానిస రాష్ట్రం పుట్టాలి.

నెపోలియన్ బేరం

1803లో ప్రెసిడెంటు జెఫర్సన్ పంపిన దూతలు పారిస్‌లో అడిగింది న్యూ ఆర్లియన్స్ రేవూ, దాని చుట్టుపట్లా కాస్త నేలా. నెపోలియన్ మొత్తం లూసియానా అమ్ముతానన్నాడు. 8,28,000 చదరపు మైళ్లు, కోటిన్నర డాలర్లు. ఎకరం సుమారు మూడు సెంట్లు పడింది. ఒక్క సంతకంతో దేశం రెండింతలైంది.

నెపోలియన్‌కు అంత ఔదార్యం ఎక్కడిది? కరిబియన్ సముద్రంలోని సాన్ డొమింగో, అంటే నేటి హైతీలో, బానిసలు తిరగబడ్డారు. వారిని అణచడానికి పంపిన ఫ్రెంచి సైన్యం యుద్ధంలోనూ, పచ్చజ్వరంలోనూ కరిగిపోయింది. చక్కెర పండే ఆ దీవి పోయాక లూసియానాతో అతనికి పని లేదు. పైగా ఇంగ్లండుతో యుద్ధం ముంచుకొస్తోంది, డబ్బు కావాలి. నన్ను ఎక్కువగా కలచివేసేది యిదే: బానిసలు పోరాడి గెలిచిన ఫలితంగా అమెరికాకు దక్కిన నేల మీదికే కొత్తగా బానిసలను తోలుకుపోయి పత్తి పండించారు.

పరాయి దేశపు నేల కొనే అధికారం రాజ్యాంగం తనకు యిచ్చిందా అన్న సందేహం జెఫర్సన్‌కే కలిగింది. అయినా బేరం వదులుకోలేదు. ఈశాన్యంలోని పాత రాష్ట్రాల నాయకులు మాత్రం గుండెలు బాదుకున్నారు. 1811లో లూసియానాను రాష్ట్రంగా చేర్చే బిల్లు వచ్చినప్పుడు, మసాచుసెట్స్ సభ్యుడు జొసయా క్విన్సీ లేచి, యిది జరిగితే యీ కూటమి విడిపోయినట్లేనని హెచ్చరించాడు. ఆయన భయం నేల గురించి కాదు, కుర్చీల గురించి.

పటం మీద గీత

ఆ భయం 1819లో నిజమయ్యే సూచనలు కనబడ్డాయి. సెనేటులో అప్పటికి బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. మిస్సోరీ బానిస రాష్ట్రంగా చేరతానంది. త్రాసు ఒరగకుండా వుండేందుకు 1820లో రాజీ చేశారు. మిస్సోరీకి జోడుగా మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చారు. మిగిలిన లూసియానా నేలలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం వుండరాదన్నారు. తన ఎస్టేటులో బానిసలను వుంచుకున్న ముసలి జెఫర్సన్, యీ వార్త అర్ధరాత్రి అగ్నిప్రమాదపు గంటలా తనను ఉలికిపడేలా చేసిందని ఒక మిత్రుడికి రాశాడు.

గీత ముప్ఫయ్యేళ్లు నిలిచింది. అంతలో మళ్లీ కొత్త నేల! మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేస్తే, దాని ఏలుబడిలోని టెక్సాస్‌లో స్థిరపడిన అమెరికన్లకు అది నచ్చలేదు. ఆ అసంతృప్తీ, యితర కారణాలూ కలిసి 1836లో టెక్సాస్ విడిపోయింది. 1845లో అమెరికాలో బానిస రాష్ట్రంగా చేరింది. ఖండమంతా తమదే కావాలని విధి రాసిపెట్టిందన్న నినాదం ఆ యేడే పత్రికలకెక్కింది. 1846లో మెక్సికోతో యుద్ధం. 1848 ఫిబ్రవరి 2న సంధి. మళ్లీ అదే కోటిన్నర డాలర్లు! టెక్సాస్‌తో కలుపుకుంటే మెక్సికో సగానికి పైగా నేల పోగొట్టుకుంది. సంధికి తొమ్మిది రోజుల ముందే కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది; సంతకాలు చేసినవారికి ఆ కబురు యింకా చేరలేదు.

నేడు మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో కాపురముంటున్న డల్లాస్, హ్యూస్టన్, ఫ్రీమాంట్ ప్రాంతాలు ఒకప్పుడు మెక్సికోవే. ఆ యుద్ధాన్నీ, బానిసత్వాన్నీ నిరసించి పన్ను కట్టక ఒక రాత్రి జైలులో గడిపిన థోరో రాసిన వ్యాసాన్నే తరువాత దక్షిణాఫ్రికాలో గాంధీజీ చదివారు.

కాన్సాస్ నెత్తురు

యీ కొత్త నేలలో బానిసత్వం వద్దని విల్మట్ అనే సభ్యుడు తెచ్చిన ప్రతిపాదన దిగువ సభలో నెగ్గి సెనేటులో వీగిపోయింది. ఆ ఓట్లు పార్టీల వారీగా కాక ఉత్తరం, దక్షిణం వారీగా చీలిపోయాయి. 1850లో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది. సెనేటు లెక్క 16కు 15. దక్షిణాదిని ఊరుకోబెట్టడానికి, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని కఠినమైన చట్టం చేశారు.

1854లో సెనేటర్ డగ్లస్ ఆ పాత గీతనే చెరిపేశాడు. కాన్సాస్, నెబ్రాస్కాలలో బానిసత్వం వుండాలో వద్దో అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలన్నాడు. వినడానికి ఎంత ప్రజాస్వామికంగా వుంది! కాని ఓటేసే జనం ఎవరు? మిస్సోరీ నుంచి వేలమంది సరిహద్దు దాటి వచ్చి దొంగ ఓట్లు వేసి పోయారు. ఉత్తరాది నుంచి తుపాకులతో వలసదార్లు వచ్చారు. ఊళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చారు. ఆ మంటల్లో విగ్ పార్టీ కాలి బూడిదైంది. రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, పడమటి ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారమే కాంగ్రెసుకు లేదన్నది. యిక రాజీకి చోటేదీ?

1860 ఎన్నికలో లింకన్ గెలిచాడు. అతను అప్పటికి బానిసత్వాన్ని వున్నచోట రద్దు చేస్తానన లేదు. కొత్త నేలకు పాకనివ్వనని మాత్రమే అన్నాడు. ఆ పాత గీతను పసిఫిక్ సముద్రం దాకా పొడిగిద్దామని ఆఖరు రాయబారం నడిస్తే, దానికి మాత్రం ససేమిరా అన్నాడు. అంతర్యుద్ధానికి సుంకాలు కారణమనీ, రాష్ట్రాల హక్కులు కారణమనీ వాదించేవారున్నారు. తెగేదాకా లాగిన ముడి ఏదో చూడండి: పడమటి నేల! లింకన్ గద్దెనెక్కకముందే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి.

యుద్ధం సాగిన 1861–65లో అమెరికా పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడితే మన పత్తికి గిరాకీ వచ్చింది. కాకినాడ రేవు నుంచి కూడా బేళ్లు ఓడలెక్కాయి. అక్కడ దక్షిణాది సభ్యులు సభ విడిచిపోగానే 1862లో కాంగ్రెసు చకచకా చట్టాలు చేసింది. పడమట బానిసత్వం నిషేధం. సేద్యం చేసుకునేవాడికి 160 ఎకరాలు. పసిఫిక్ దాకా రైలు. వ్యవసాయ కళాశాలలకు భూములు. ఆ చట్టం కింద 1863లో కాన్సాస్‌లో నెలకొన్న కళాశాలే నేటి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. నూరేళ్ల తరువాత, 1964లో, రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు సాయపడింది వారే. నెత్తురు పారిన నేల నుంచి మనకు విత్తనాల విద్య అందింది.

ఎవరి నేల?

యింత తగాదాలోనూ అడగవలసిన మొదటి ప్రశ్నను పట్టించుకున్నవారు బహుకొద్దిమంది: ఆ నేల అసలు ఎవరిది? నెపోలియన్ అమ్మినదాంట్లో చాలాభాగం ఆదివాసులు ఏలుకుంటున్న నేల. ఆ తరువాత ఒప్పందాల పేరిట కొంత, తుపాకులతో కొంత వారి నుంచి లాక్కున్నారు. మిస్సిసిపీకి తూర్పున వున్నవారిని కూడా 1830 చట్టంతో పడమటికి తరిమారు. 1838–39లో అలా నడిపించిన చెరోకీలలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆదివాసులందరికీ పౌరసత్వం దక్కింది 1924లో.

కుర్చీల లెక్క మాత్రం ఆగలేదు. 1889లో డకోటా ప్రాంతాన్ని రెండుగా చీల్చి రెండు రాష్ట్రాలు చేశారు. రెండు కుర్చీల చోట నాలుగు పడ్డాయి. 2020 జనాభా లెక్కల్లో వయోమింగ్‌కు 5.77 లక్షల మంది, కాలిఫోర్నియాకు 3.95 కోట్ల మంది. సెనేటులో ఎవరికైనా రెండే ఓట్లు. నాటి పడమటి పంపకం నేటికీ చట్టాలు చేస్తోంది, చట్టాలు ఆపుతోంది.

దేశం పెరిగిందంటే పటం చూసి సంతోషించేవారు చాలామంది. నేను మాత్రం మూడు సంగతులు అడుగుతాను. పెరిగిన నేల మీద ఎవరిని మనుషులుగా లెక్కపెట్టారు? ఎవరిని ఐదింట మూడో వంతుగా లెక్కపెట్టారు? ఎవరిని అసలు లెక్కలోకే తీసుకోలేదు? ఎకరం మూడు సెంట్లకు కొన్న నేలకు అసలు ధర దస్తావేజులో లేదు. నాలుగేళ్ల యుద్ధంలో వుంది.