మన్యంలో మంచు ఉంది.. ఎక్కేందుకు గడ్డ లేదు!

అమలాపురం: శీతకాలం వచ్చిందంటే కోనసీమ యువత మనసు మన్యం వైపు మళ్లుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి రాత్రికి రాత్రే కార్లు, మోటారు సైకిళ్లపై లంబసింగి, మారేడుమిల్లి బయలుదేరుతుంటారు. గడ్డకట్టిన జలపాతాలను మంచుగొడ్డళ్లతో ఎక్కే దృశ్యాలను టీవీల్లో చూసినవారికి, మన కొండలపైనా ఆ అవకాశం ఉందా అన్న సందేహం కలగడం సహజం. లేదన్నదే సమాధానం. చిక్కంతా 'మంచు' అన్న మాటతోనే వచ్చింది. వేకువన కొబ్బరితోటలను కమ్మేసేదీ మంచే, ఎవరెస్టుపై పేరుకునేదీ మంచే!

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కోనసీమలో 18 డిగ్రీలున్న వేకువన, తూర్పు కనుమల్లో అత్యంత ఎత్తయిన జిందగడ శిఖరం (1690 మీటర్లు)పై ఈ లెక్కన 7 డిగ్రీలు ఉండాలి. నీరు గడ్డకట్టేందుకు ఆ చలి చాలదు. మరి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులోనే ఉన్న లంబసింగిలో గడ్డిపై తెల్లని పొర ఎలా వస్తోంది? మబ్బు, గాలి లేని రాత్రివేళ నేల తన వేడిని వేగంగా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి లోయలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. నాలుగడుగుల ఎత్తులోని ఉష్ణమాపకం రెండు మూడు డిగ్రీలు చూపుతుండగానే గడ్డిపరక సున్నాకు చేరుతుంది. గాలిలోని తేమ దానిపై తుషారంగా పేరుకుంటుంది. పొద్దెక్కితే అదీ ఉండదు. ఈ ఊరికి కొర్రబయలు అన్న పేరూ ఉంది. ఆరుబయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు.

జలపాతం ఎక్కేంత గట్టిగా గడ్డకట్టాలంటే వారాల తరబడి గడ్డకట్టే చలి కొనసాగాలి. మన్యంలో మధ్యాహ్నానికి 20 డిగ్రీలు దాటుతుంది. నీరు జనవరిలోనూ పారుతూనే ఉంటుంది. పాకుడు పట్టిన ఆ రాళ్లపై చెప్పుల కాలు నిలవదు. అంతకుమించిన ముప్పు ఘాట్‌రోడ్డుపై పొగమంచు. సూర్యోదయం చూడాలన్న తొందరలో అర్ధరాత్రి మలుపులెక్కడం కంటే, ముందురోజు పొద్దుండగానే చేరి బస చేయడం మేలు.

నిజంగా పర్వతారోహణపై ఆసక్తి ఉన్నవారికి దారి లేకపోలేదు. 2014 మే 25న ఎవరెస్టు అధిరోహించిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి రాతికొండపైనే. మంచుపై నడక మాత్రం డార్జిలింగ్, లడఖ్‌లలోనే అబ్బింది. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్‌ల ప్రాథమిక కోర్సుల్లో మంచుగొడ్డలి, మేకుల బూట్ల వాడకం నేర్పుతారు.