జీర్ణాశయపు రాచపుండు - వైరస్ పాత్ర

రాచపుండు అంటురోగమా? కాదని వైద్యులు చెప్పు మాట నేటికిని సత్యమే. అయినను కొన్ని రాచపుండ్ల పుట్టుకలో సూక్ష్మజీవులకు పాత్ర కలదని తేలినది. జీర్ణాశయమున అరుదుగా కనుపించు అట్టి యొకదానిని గూర్చి ఇచ్చట ముచ్చటింతము.

ఈ కథ ఆఫ్రికాలో ఆరంభమైనది. ఉగాండాలో శస్త్రవైద్యుడైన డెనిస్ బర్కిట్, పిల్లల దవడలలో పెరుగు వింత కణితులను గూర్చి 1958లో ప్రకటించెను. 1961లో లండనులో ఆయన ఉపన్యాసమును విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ కణితులను తెప్పించుకొని శోధింపసాగెను. 1964లో ఎప్‌స్టీన్, ఆచోంగ్, బార్ అను మువ్వురు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయమున వానిలో ఒక క్రొత్త వైరస్‌ను కనుగొనిరి. అదియే ఎప్‌స్టీన్-బార్ వైరస్.

1990లో ఈ వైరస్ జాడ జీర్ణాశయపు రాచపుండు నందును కానవచ్చెను. తెల్లకణములు గుంపులుగా చేరియుండు అరుదైన కణితి యది. 2014లో అమెరికా పరిశోధకులు 295 జీర్ణాశయపు కణితులను పరీక్షించి, నూటికి సుమారు 9 వంతున వైరస్ కలదని తేల్చిరి.

దొంగతనము జరిగిన ఇంట కనుపించిన ప్రతివాడును దొంగ కాడు గదా! మరి ఈ వైరస్ దొంగయా, బాటసారియా? కణితిలోని కణములన్నిటను ఒకే మూలము నుండి వచ్చిన వైరస్ ఉండుట గమనింపదగినది. అనగా తొలి కణము చెడి పెరుగుటకు పూర్వమే వైరస్ అందు ప్రవేశించియుండవలెను. ఇది బలమైన సాక్ష్యము.

కాని పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ దేహములో నిదురించుచునే యుండును. అది ముఖ్యముగా లాలాజలము ద్వారా వ్యాపించును. వారిలో బహుకొద్దిమందికి మాత్రమే రాచపుండు కలుగుచున్నది. కనుక వైరస్ ఒక్కటియే చాలదు. ఇతర కారణములును తోడు కావలెను. జీర్ణాశయపు రాచపుండునకు ఇంతకన్న పెద్ద కారణము హెలికోబాక్టర్ పైలోరి అను బాక్టీరియా. దానిని మందులతో నిర్మూలింపవచ్చును.

కావున రోగిని దూరముగా నుంచుట, అతని పాత్రలను వేరుచేయుట అనవసరము. ఆదరణయే అతనికి కావలసినది. అయితే మానని అజీర్ణము, కారణము లేక చిక్కిపోవుట, మ్రింగుట కష్టమగుట, నల్లని విరేచనము కలిగినచో ఆలసింపక వైద్యుని చూడుడని మా మనవి. ఆలస్యమే అసలు శత్రువు.