‘మా’ యను మాట

తెలుగువారి ఇండ్లలో దినమునకు నూరు మారులు వినబడు మాట ‘మా’. మా ఊరు, మా వీధి, మా అబ్బాయి, మా ఆవు – ఈ యొక్క అక్షరమును వాడకుండ నాలుగు వాక్యములు మాటలాడుట మనకు కష్టము. తల్లిదండ్రులకు తానొక్కడే బిడ్డయైనవాడు సైతము ‘మా నాన్న’ అనునే కాని ‘నా నాన్న’ అనడు. భార్య భర్తను గూర్చి ‘మావారు’ అనును. లెక్కకు మనిషి యొక్కడే; మాట మాత్రము బహువచనము. ఇల్లంతయు ఆ మాట వెనుక నిలిచి పలుకుచున్నట్లుండును.

ఇంతగా మనదైన ఈ మాట పరభాషలలోను వినబడును. హ్రస్వతరంగములపై రేడియో ముల్లును త్రిప్పుచు దూరదేశముల ప్రసారములు విను నలవాటుండిన శ్రోతల చెవిని ఇది పలుమారులు తాకియుండును. పారసీక ప్రసారమున ‘మా’, ఇటాలియను ప్రసారమున ‘మా’, చైనా ప్రసారమున లెక్కకు మిక్కిలిగా ‘మా’. ఇవి యన్నియు ఒక్క మాటయేనా? ఒకరినుండి యొకరు తెచ్చుకొన్నవా? ఈ ప్రశ్న తమాషాకు పుట్టినదైనను, దీనికి చెప్పు సమాధానమును బట్టియే మన భాషకు చుట్టములెవరో తేలును. కనుక కొంచెము శ్రద్ధగానే చూతము.

మిక్కిలి మోసపుచ్చు పోలిక పారసీకమునది. ఆ భాషలో ‘మా’ అనగా ‘మేము’. దానిని మరియొక పేరునకు తగిలించినచో ‘మా యొక్క’ అను నర్థమే వచ్చును. ‘ఖానెయె మా’ అనగా ‘మా ఇల్లు’. ధ్వని యదే, అర్థమును అదే. గోలకొండ సుల్తానుల నాటినుండి తెలుగునేలపై పారసీకము దర్బారు భాషగా చెల్లినది గనుక, ఈ మాట అటనుండి ఇటకు వచ్చినదని ఎవరైన అన్నచో కాదనుట కష్టమని తోచును. కాని గోలకొండ రాజ్యము 16వ శతాబ్దమున నేర్పడినది. మన ‘మా’ 11వ శతాబ్దపు నన్నయ భారతమునాటికే యున్నది.

కాలము సంగతి యటుంచి, ఈ రెండు మాటల పుట్టుకలను చూచినచో వేరు మరింత స్పష్టమగును. క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్దమున పారసీక చక్రవర్తి దారియవహుషుడు, అనగా డేరియస్, కొండరాతిపై చెక్కించిన బెహిస్తూన్ శాసనమున ‘మా యొక్క’ అనుటకు ‘అమాఖమ్’ అని యున్నది. సంస్కృతపు ‘అస్మాకమ్’ దీనికి తోబుట్టువు. మధ్యకాలపు పారసీకమున నది ‘అమాహ్’ అయినది. తరువాత మొదటి ‘అ’ జారిపోయి ‘మా’ మిగిలినది.

మన ‘మా’ కథ వేరు. ప్రాచీన తెలుగున ‘మేము’ అనుటకు ‘ఏము’ అనిరి. తమిళమున దానికి సాటి ‘యామ్’. ‘మా యొక్క’ అనుటకు ‘ఎమ్’. తమిళులు ‘ఎమ్’ అనుచోట మనము ‘మా’ అనుచున్నాము. ఈ మార్పు ఈ యొక్క మాటకే పట్టినది కాదు. తమిళమున ‘అవన్’, మనకు ‘వాడు’. అచట ‘ఇవన్’, ఇచట ‘వీడు’. అచట ‘ఇరండు’, ఇచట ‘రెండు’. అచట ‘ఉరల్’, ఇచట ‘రోలు’. అచట ‘ఉళ్’, ఇచట ‘లో’. మాట మొదట నున్న అచ్చును హల్లునకు వెనుకకు జరుపుట తెలుగునకు పాత అలవాటు. వ్యాకర్తలు దీనిని వర్ణవ్యత్యయ మందురు. ఆ యలవాటు చొప్పుననే ‘ఎమ’ అనునది ‘మా’ అయినది. పారసీకమున అచ్చు రాలిపోయినది. తెలుగున అచ్చు చోటు మారినది. వేర్వేరు ఊళ్లనుండి బయలుదేరిన యిద్దరు బాటసారులు ఒకే రచ్చబండపై కూర్చుండిరి, అంతే సంబంధము. మరియొక భేదము కూడ గలదు. ఎదుటివానిని కలుపుకొన్నచో ‘మన’, కలుపుకొననిచో ‘మా’ అని మనము వేరుచేయుదుము. పారసీకుని ‘మా’కు ఆ పట్టింపు లేదు.

సంస్కృతమునకు వత్తము. అచట ‘మా’ అనగా ‘వలదు’. ప్రాచీన గ్రీకున ఇదే యర్థమున ‘మే’ యని దీర్ఘముగా పలికెడివారు. ఇది మాత్రము నిజమైన చుట్టరికమే. రెండును ఒకే మూలమునుండి దిగినవి. సంస్కృతముననే మరియొక ‘మా’ కలదు. అది లక్ష్మి పేరు. మాధవుడనగా లక్ష్మీపతి యని చెప్పుట దాని వలననే. కొలుచుట యను నర్థముగల ‘మా’ ధాతువు మూడవది. మానము, ప్రమాణము, మాత్ర అన్నియు దాని సంతతివే. వైద్యుడు పూటకొకటి చొప్పున వేసికొమ్మను మాత్రలోనున్న ‘మా’ కొలత గాని మరియొకటి కాదు.

అరబ్బీ భాషలో ‘మా’ అనగా ‘ఏమి’, ‘ఏది’, కొన్నిచోట్ల ‘లేదు’. హీబ్రూలోను ‘ఏమి’ యనుటకు ‘మా’ యనియే యందురు. అవి సోదరభాషలు గనుక ఆశ్చర్యము లేదు. హైదరాబాదు వీధులలో ముద్దుబిడ్డను చూచి ‘మాషాఅల్లా’ అనువారి నోట నున్నది ఈ ‘మా’యే, దేవుడు ఏది తలచెనో అది యని భావము. పరిసరములను దెలుపు ‘మాహోల్’ అను ఉర్దూమాట కూడ అట్టిదే. చుట్టును ఏది యున్నదో అది మాహోల్.

ఐరోపాలో ఈ మాట ప్రతి సరిహద్దునకు నొక వేషము వేయును. ఇటాలియనున ‘మా’ అనగా ‘కాని’. లాటినున ‘మరింత’ యను నర్థముగల ‘మాగిస్’ అరిగి యిట్లయినది. ఫ్రెంచిలో స్త్రీలింగ పదమునకు ముందు ‘నా’ యనుటకు ‘మా’. హంగేరియనున ‘ఈ దినము’, ఫిన్నిషున ‘నేల’. చిత్రమేమనగా, హంగేరియను, ఫిన్నిషు భాషలు నిజముగా ఒక కుటుంబమువే. కాని ఆ బంధుత్వమును చూపునది ఈ ‘మా’ కాదు. చేతిని ఫిన్నులు ‘కాసి’ యన్నట్లు, హంగేరియనులు ‘కేజ్’ అందురు. నీటిని వారు ‘వెసి’, వీరు ‘వీజ్’. పైకి అంతగా పోలని ఆ మాటలే తోబుట్టువులు. అచ్చముగా పోలిన ‘మా’లు పరాయివి.

ఇక చైనా భాష. అచట అక్షరము సగము మాటయే; మిగిలిన సగము గొంతు ఎత్తుదింపులలో నుండును. పైస్థాయిలో నిలకడగా పలికిన ‘మా’ తల్లి. క్రిందినుండి ఎగబ్రాకించినచో నార తీయు మొక్క. దించి మరల లేపినచో గుఱ్ఱము. పైనుండి విసరివేసినట్లు పలికినచో తిట్టుట. తల్లిని పిలువబోయి గుఱ్ఱమును పిలుచు ప్రమాదము కొత్తగా నేర్చుకొనువారికి ఎప్పుడును పొంచియుండును. వియత్నాము వారికి ఈ స్వరభేదములు ఆరు. వారి ‘మా’ ఎత్తుదింపులను బట్టి దయ్యము, తల్లి, ‘కాని’, సమాధి, గుఱ్ఱము, వరినారు అగును. ఇందు గుఱ్ఱము చైనానుండి తెచ్చుకొన్న అరువు. ‘కాని’ మాత్రము ఇటాలియను ‘మా’తో అర్థమునను కలిసినది. రోముకును హనోయికిని ఆ మాట విషయమున ఏ లావాదేవియు లేదు.

పలుదేశములలో తల్లి పేరున ‘మా’ యుండుట గూర్చి వేరుగా చెప్పవలెను. హిందీ, వంగ భాషల ‘మా’ సంస్కృతపు ‘మాతా’నుండి దిగినది. చైనావారిది అటనుండి రాలేదు. మరి ఈ కలయిక ఎట్లు? రోమన్ యాకోబ్సన్ అను భాషావేత్త 1960లో ప్రకటించిన యొక వ్యాసమున దీనిని చర్చించెను. పాలు త్రాగు శిశువు పెదవులు మూసియుండగా ముక్కుగుండ వెలువడు మూలుగు ‘మ్’. నోరు తెరచినచో అదియే ‘మా’. పెద్దలు దానిని విని తమ పేరుగా స్వీకరింతురు. శిశువులు ఎచటనైనను ఒక్కటే గనుక మాటయు ఒక్కటే. ఐనను ఏ పెద్దకు ఆ మాట దక్కునో ముందు చెప్పజాలము. జార్జియా దేశమున ‘మామ’ యనగా తండ్రి, తల్లి ‘దెద’. మన యింట ‘మామ’ తల్లికి తోబుట్టువు, లేదా పిల్లనిచ్చినవాడు.

భూమిపై సుమారు 7,000 భాషలున్నవి. ‘మ’కారము లేని భాషలు చాల కొద్ది, ‘అ’కార మెల్లెడల నున్నది. ఇట్టిచో ఒక్క అక్షరపు మాటలు ఒకదానితో నొకటి కలియకుండుటయే వింత. ఫలానా భాష మన భాషనుండి పుట్టినదనియో, మన భాష ఫలానా దేశమునుండి వచ్చినదనియో పది పోలికలు చూపి వాదించువారి ఉత్సాహమును మేము తప్పుపట్టము; ఆ పది మాటలును వారి వాదమును మోయలేవు. ఒక మాట మారిన తీరుననే పది మాటలు మారినవని చూపినప్పుడే చుట్టరికము రుజువగును. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు పీఠికగా ఎల్లిస్ దొర వ్రాసినప్పుడు, ఆయన ధాతువులనే వరుసపెట్టి పోల్చిచూపెను.

అట్లు చూచినచో మన ‘మా’కు నిజమైన చుట్టము లెవరు? తమిళ కన్నడములు దూరము కావు; కాని అవి మొదటి అచ్చును జరుపలేదు. తెలుగువలెనే దానిని జరిపి ‘మా’ చేసికొన్న భాషలు గోండి, కొండ, కుయి, కువి మున్నగునవి. తెలుగును వీనితో నొక కుదురున నిలిపినవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు. తెలుగు ధాతువులపై వారి గ్రంథము 1961లో వెలువడినది. అరకు ప్రాంతపు కొండదొరల భాషకు వారు వ్రాసిన వ్యాకరణము 1969లో అచ్చైనది. మైదానమున నున్న మనము ఈ భాషలను చాలకాలము లిపిలేని కోయమాటలని త్రోసిపుచ్చితిమి. 2011 జనగణన ప్రకారము గోండి మాతృభాషగా గలవారే 29 లక్షల 84 వేలమంది. పారసీకమున ‘మా’ విని మురిసిన చెవి ఆదిలాబాదు అడవిని ఆలింపకపోవుట మాకు న్యాయముగా తోచదు.

ఆ జిల్లాలో గోండుపల్లెకు పోయినవారికి ‘మావా నాటె’ అను మాట వినబడవచ్చును. ‘మా యూరిలో’ అని దాని యర్థము. అందు మొదటిది మన ‘మా’. రెండవది పలనాటిలో, వెలనాటిలో నున్న మన ‘నాడు’.