తెలుగు ఫైలు ఊరు మారితే

కోల్‌కతా పక్కన, హుగ్లీ నదికి అవతలి ఒడ్డున హౌరాలో టికియాపారా ఉంది. అక్కడి తెలుగువారొకరు ఒక వ్యాసం టైపు చేసి విజయవాడలోని డీటీపీ సెంటరుకు పంపారనుకుందాం. రెండుచోట్లా వాడే వర్డ్ ప్రాసెసర్లు వేరు. శీర్షిక బొద్దుగానే ఉంటుందా? అసలు తెలుగు తెలుగుగానే ఉంటుందా?

సాదా టెక్స్టు ఫైలు అక్షరాలను మాత్రమే మోస్తుంది. బొద్దు, వాలు, పేరాల అమరిక వంటివాటిని ఒక్కో వర్డ్ ప్రాసెసర్ ఒక్కో పద్ధతిలో దాచుకునేది. ఈ చిక్కు తీర్చడానికే 1987లో మైక్రోసాఫ్ట్ రిచ్ టెక్స్ట్ ఫార్మాట్, అంటే ఆర్‌టీఎఫ్‌ను తెచ్చింది. ఇందులో అమరికకు సంబంధించిన ఆదేశాలు కూడా మామూలు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కంటికి కనిపిస్తాయి కూడా.

తెలుగు అక్షరాన్ని మాత్రం ఆర్‌టీఎఫ్ నేరుగా రాయదు, దాని యూనికోడ్ సంఖ్యను రాస్తుంది. 'అ'కు 3077, 'క'కు 3093. ఈ సదుపాయం వర్డ్ 97 కాలంలో చేరింది. సంఖ్య పక్కన సాధారణంగా ఒక ప్రశ్నార్థకం ఉంచుతారు. యూనికోడ్ తెలియని పాత సాఫ్ట్‌వేర్ సంఖ్యను వదిలేసి ఆ గుర్తునే చూపిస్తుంది. వ్యాసానికి బదులు ప్రశ్నార్థకాల బారు ప్రత్యక్షమవడానికి ఇదొక కారణం.

తర్వాత వచ్చిన ఓడీటీ, డాక్స్ ఫైళ్లు నిజానికి జిప్ చేసిన మూటలు. లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లుంటాయి. ఓడీటీ ఫైళ్లకు ఆధారమైన ఓడీఎఫ్ 2006లో, డాక్స్‌కు ఆధారమైన ఓఓఎక్స్‌ఎమ్‌ఎల్ 2008లో ఐఎస్ఓ ప్రమాణాలయ్యాయి.

ఏ ఫార్మాటూ తీర్చలేని చిక్కు ఒకటుంది. తెలుగు ముద్రణలో ఏళ్లపాటు రాజ్యమేలిన అను వంటి పాత ఫాంట్లలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కోడ్‌లే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆర్‌టీఎఫ్ సాధారణంగా ఫాంటు పేరునే మోసుకెళ్తుంది, ఫాంటును కాదు. అందుకే అది లేని కంప్యూటర్లో వేషం ఊడిపోతుంది. ఫార్మాటు తన పని తాను సరిగానే చేసినా చదవడానికి ఏమీ మిగలదు. అలా టైపు చేసిన పుస్తకాల్లో ఒక మాట వెతకడమూ కష్టమే.

పంపేముందు చిన్న పరీక్ష చేయవచ్చు. ఒక పేరాను ఎంచుకుని ఫాంటును గౌతమికో నిర్మలకో మార్చాలి. తెలుగు నిలిస్తే అది యూనికోడ్. పిచ్చిగుర్తులు వస్తే ముందు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఆ మార్పిడిలో వత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంది కాబట్టి ప్రూఫు దిద్దక తప్పదు.