నర్సు వెళ్లాక మిగిలే 165 గంటలు

పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు చెబుతారు. చెప్పడానికి ఒక్క ముక్క. లెక్క కడితే రోజుకి 12 సార్లు, ఏడాదికి 4,380 సార్లు. అందులో రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి కూడా ఎవరో ఒకరు లేవాల్సిందే. కాస్త స్తోమత ఉన్న ఇంట్లో వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా గంటసేపు ఉండేలా నర్సును కుదుర్చుకున్నారనుకోండి. వారానికి గంటలు 168. మూడు పోను 165. దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దవాళ్లకు నర్సింగ్ అంటే ముఖ్యంగా ఈ 165 గంటల సంగతే. మన పథకాలు మాత్రం ఆసుపత్రి గుమ్మం లోపలే ఎక్కువగా తిరుగుతుంటాయి.

2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్లు దేశంలో 10.38 కోట్లు, అంటే 8.6 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 9.8 శాతం. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి వీళ్లు 14.9 కోట్లు. 2050కి 34.7 కోట్లు అవుతారని అంచనా.

వీళ్లందరికీ నర్సింగ్ అవసరమా? కాదు. వయసు మీద పడటంపై 2017-18లో 72 వేల మందికి పైగా జనాన్ని పరిశీలించిన 'లాసీ' సర్వే ఫలితాలు 2021 జనవరిలో వచ్చినప్పుడు, పెద్దవాళ్లలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందన్న మాటే పత్రికలకెక్కింది. కానీ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని పొలానికో, పార్కుకో వెళ్లొచ్చే మనిషికి కావలసింది మాత్ర, అప్పుడప్పుడూ పరీక్ష. నేను పట్టించుకోమనేది అదే సర్వేలోని 24 శాతం అనే అంకెని. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, గదిలో నాలుగడుగులు వేయడం, మంచం దిగడం, దొడ్డికి వెళ్లడం: వీటిలో కనీసం ఒకదానికి ఇబ్బంది పడేవాళ్లు దాదాపు అంతమంది.

ఈ అంకెని ఒక ఊరికి దింపి చూద్దాం. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. 2022 నాటి దేశ సగటు 10.5 శాతం చొప్పున ఆ పరిధిలో 525 మంది పెద్దవాళ్లుంటారు. అందులో 24 శాతమంటే 126 మంది. ఒక్కొక్కరి ఇంటికీ వారానికి ఒక్కసారి వెళ్లాలన్నా, ఆరు రోజుల్లో రోజుకి 21 ఇళ్లు. ఇంటికి ఇరవై నిమిషాలు ఇస్తే ఏడు గంటలు, దారిలో పోయే సమయం కాకుండానే. టీకాలు, గర్భిణుల పరీక్షలు, జ్వరాల సర్వేలు, ట్యాబ్‌లో వివరాలు ఎక్కించడం, ఇవన్నీ ఆ ఉపకేంద్రంలో ఉండే నర్సు, అంటే ఏఎన్‌ఎం నెత్తినే ఉన్నాయి. 2010-11లో మొదలైన జాతీయ వయోవృద్ధుల ఆరోగ్య కార్యక్రమం మంచం పట్టినవాళ్ల ఇంటికి వెళ్లి చూడాలని రాసుకుంది. రాసింది మంచి మాటే, పై లెక్కే కుదరదు.

అందుకే ఆ పని ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఇంట్లోవాళ్లంటే భార్య, కోడలు, పెళ్లికాని కూతురు. 2024 సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లో ఎవరినో ఒకరిని చూసుకునే పని చేస్తున్నారు, రోజుకి 140 నిమిషాల చొప్పున. మగవాళ్లలో ఆ పని చేసేది 21.4 శాతం, వాళ్లు పెట్టేది 74 నిమిషాలు. పిల్లల పెంపకం కూడా కలిసిన లెక్క ఇది. అయినా ఎవరి చేతులు పనిచేస్తున్నాయో తెలుస్తూనే ఉంది. ఆ చేతులకి పని నేర్పేవాళ్లు మాత్రం అరుదు.

నేర్పాల్సింది ఎంత చిన్నదో, తేడా వస్తే ఎంత పెద్దదవుతుందో చూడాలంటే ఇన్సులిన్ సిరంజి చాలు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దాని సిరంజికి ఎర్ర మూత. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో, కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. దాని సిరంజికి నారింజ మూత. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి మందును ఎర్రమూత సిరంజిలోకి లాగి 20 గీత దాకా నింపారనుకోండి. అక్కడున్నది అర మిల్లీలీటరు, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేసి, 40 సీసాకి నారింజ సిరంజి వాడితే 20 గీత దగ్గర వెళ్లేది 8 యూనిట్లే. గీతలు చూసేవాళ్లు మూత రంగు చూడరు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూశాకే మందు లాగాలి.

షుగర్ 70 కంటే పడిపోతే పెద్దవాళ్లలో చెమట, వణుకు కంటే ముందు మాట తడబడొచ్చు, మనుషుల్ని పోల్చుకోలేకపోవచ్చు. 'వయసు మీద పడింది, ఏదో మాట్లాడుతున్నారు' అని వదిలేస్తారు. మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అనేక జబ్బులతో నీరసించిన పెద్దవాళ్లకు మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 8 లోపు ఉంటే సరిపోతుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలే అంటున్నాయి. ఎనభై ఏళ్ల నాయనమ్మకి 6.5 సాధించాలని పట్టుబట్టే ఇళ్లు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పడక పుండ్ల విషయంలోనూ అంతే. పక్కకు తిప్పడమంటే తుంటి ఎముక మీద నిటారుగా పడుకోబెట్టడం కాదు. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలేలా చూడాలి. పిక్కల కింద మరో దిండు పెడితే మడమలు పరుపుకి తగలకుండా తేలతాయి. పిరుదుల దగ్గర ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనచాయ ఒంటి మీద ఎరుపు కనబడదు, అందుకని చేత్తో తడిమి వేడిగా, గట్టిగా ఉందేమో చూడాలి. అక్కడ స్పిరిట్ రాసి మర్దనా చేయడం, గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో చేస్తారు. రెండూ చెరుపే. గాలి పరుపు కొన్నా తిప్పడం తప్పదు.

గుండె నీరసించినవాళ్లకి తూకం మిషన్ చాలు: మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని డాక్టరుకి చెప్పాలి. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పడిపోతే కింద పడే ప్రమాదం ఎక్కువ, మందుల చీటీ మళ్లీ చూపించాలి.

ఇక డబ్బు. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కింద 70 దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితం. పెద్ద సాయమే, కాదనలేం. కానీ అది చేరి వైద్యం పొందినప్పటి మాట. డిశ్చార్జి తర్వాత మందులకు, పరీక్షలకు 15 రోజుల వరకే వర్తిస్తుంది. పదహారో రోజు నుంచి డైపర్లు, ట్యూబులు, మనిషి కూలి అన్నీ ఇంటివే.

పింఛన్ల వైపు చూస్తే, కేంద్రం వృద్ధాప్య పింఛనుకిచ్చే వాటా 79 ఏళ్ల దాకా నెలకి 200 రూపాయలు, 80 నుంచి 500. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛనును 2019లో 2,016 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 5,000 నుంచి 15,000కి పెంచారు. నా ఉద్దేశంలో ఈ 15,000 తక్కినవాటికంటే భిన్నమైనది, ఎందుకంటే అది ఇంట్లోని సేవకి ఖర్చుంటుందని ఒప్పుకుంటోంది. అయినా నెలలోని 720 గంటలకి పంచితే గంటకి 21 రూపాయలు దాటదు.

ఇంటికొచ్చే సేవ బొత్తిగా లేదని కాదు. తెలంగాణలో ప్రభుత్వ పాలియేటివ్ (ఉపశమన వైద్య) కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాల్లో నర్సులు రోగుల ఇళ్లకు వెళ్తున్నారు. కేరళ 2008లోనే పాలియేటివ్ విధానం ప్రకటించి ఆ పనిని పంచాయతీల చేతికిచ్చింది. ఇలాంటిది మీకు అందుబాటులో ఉందేమో కనుక్కోవడానికి పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు.

ఈలోగా డిశ్చార్జి రోజున వార్డు సిస్టర్‌ని అరగంట అడగండి. ఆవిడ చేసి చూపించడం కాదు, ఆవిడ ఎదురుగా మీరు చేయాలి: సిరంజిలోకి మందు లాగడం, పక్కకు తిప్పడం, ముక్కు గొట్టంలో పాలు పోసేముందు తల వైపు ఎత్తడం. రాత్రి పూట చూసుకునేది కోడలైతే ఆ అరగంట అక్కడ ఉండాల్సింది కోడలే, బిల్లు కట్టడానికి వచ్చిన కొడుకు కాదు.