డ్రోన్ పైకప్పు చూపిస్తుంది, వంటిల్లు ఎవరు చూపించాలి?

ఈ మధ్య మనవాళ్ళ గరాజ్‌లలో ఒక డ్రోన్ కనపడటం మామూలైపోయింది. సరదాకి కొన్నవాళ్ళు కొందరు, శని ఆదివారాల్లో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు వీడియోలు తీసి నాలుగు డాలర్లు సంపాదించేవాళ్ళు మరికొందరు. నేను రెండో కోవకి చెందినవాణ్ణి. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతంలో డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ వీడియోలు. రెండేళ్ళ నుంచి డ్రోన్‌తో పాటు ఇంటి లోపల నడుస్తూ తీసే వీడియో కూడా చేస్తున్నాను. "డ్రోన్ ఉందిగా, మళ్ళీ ఈ తంటా ఎందుకు?" అని మిత్రులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి నాకు తెలిసినంతలో జవాబు ఇది.

డ్రోన్ ఒక్కటే ఎందుకు చాలదు?

వ్యాపారానికి డ్రోన్ ఎగరెయ్యాలంటే ఎఫ్.ఏ.ఏ. వారి పార్ట్ 107 సర్టిఫికెట్ కావాలి. 2016 ఆగస్టులో ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. మనవాళ్ళకి పరీక్షలు ఒక లెక్కా! అంటే మీకున్న సర్టిఫికెట్ పక్కింటాయనకి కూడా ఉండొచ్చు. ఒకప్పుడు పై నుంచి తీసిన దృశ్యమంటే వింత, ఇప్పుడు ఏజెంట్లు దాన్ని మామూలుగానే ఆశిస్తున్నారు.

రెండో సంగతి, మనవాళ్ళు ఎక్కువగా కొనే సబ్‌డివిజన్ ఇళ్ళు పై నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చెరువో, పార్కో, పెద్ద స్థలమో ఉంటే డ్రోన్‌కి పని ఉంటుంది. లేకపోతే 20 సెకన్లు చాలు. కొనేవాళ్ళు ఇల్లు తేల్చుకునేది వంటింట్లో, మెట్ల దగ్గర, కింద అమ్మానాన్నల కోసం ఒక పడకగది, దాని పక్కనే స్నానాల గది ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర. వీటిలో ఒక్కటి కూడా 400 అడుగుల ఎత్తు నుంచి కనపడదు.

మూడోది, ఎగరడం మన చేతుల్లో లేదు. గాలి, వాన సరే. ఇర్వింగ్, కొపెల్ వైపు డి.ఎఫ్.డబ్ల్యూ. విమానాశ్రయపు గగనతలం ఉంది. ఫోన్‌లో లాన్స్ పద్ధతిలో క్షణాల్లో అనుమతి వచ్చే చోట్లు ఉన్నాయి, రన్‌వేలకి దగ్గరగా ఆ పద్ధతిలో అనుమతించే ఎత్తు సున్నా అని చూపించే చోట్లూ ఉన్నాయి. దీనికి తోడు 2025 డిసెంబరులో ఎఫ్.సి.సి. విదేశీ డ్రోన్లను తన ఆంక్షల జాబితాలో చేర్చింది. అప్పటికే అనుమతి పొందిన మోడళ్ళు వాడుకోవడానికి ఆ నిర్ణయం అడ్డు చెప్పలేదు కానీ, ఒక్క పరికరం మీద వ్యాపారమంతా నిలబెట్టడం ఎంత ప్రమాదమో దానితో చాలామందికి తెలిసొచ్చింది.

నేల మీద పని ఎలా ఉంటుంది?

పరికరాలు పెద్దగా అక్కర్లేదు. మంచి కెమెరా, చెయ్యి వణుకు తెలియనివ్వని గింబల్, ఒక వైడ్ లెన్స్. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 16 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరిపోతుంది. ఇంకా వెడల్పుకి వెళితే పదడుగుల గది హాలులా కనపడుతుంది. అది చూసి వచ్చిన మనిషి గుమ్మంలోనే నిరుత్సాహపడతాడు.

కెమెరా ఛాతీ ఎత్తులో పట్టుకుని, కొనడానికి వచ్చిన మనిషి నడిచే వరసలోనే నడవాలి. వీధి గుమ్మం, హాలు, వంటిల్లు, పడకగదులు, పెరడు. గదుల వరస తప్పితే చూసేవాళ్ళకి ఇల్లు అర్థం కాదు.

ఇక్కడ ఇంజనీర్లకి నచ్చే చిన్న విషయం ఒకటి ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకి 120 సార్లు మినుకుతాయి. షట్టర్ స్పీడు సెకనులో 60వ వంతో, 120వ వంతో పెడితే వీడియోలో చారలు రావు. హైదరాబాదులో మీ ఫ్లాట్ అమ్మకానికి వీడియో తీయిస్తుంటే అక్కడ 50 హెర్ట్జ్, కాబట్టి 50వ వంతో, 100వ వంతో పెట్టమనండి.

డ్రోన్ ఎగరలేని చోట నేను 20 అడుగుల పోల్ మీద కెమెరా ఎక్కిస్తాను. పోల్ విమానం కాదు, దానికి పార్ట్ 107 వర్తించదు. కరెంటు తీగలకి దూరంగా నిలబడితే చాలు, రెండో అంతస్తు ఎత్తు నుంచి ఇంటి ముఖం చక్కగా వస్తుంది. తూర్పు ముఖం ఇల్లయితే పొద్దున్నే వెళ్ళాలి. మనవాళ్ళు వాస్తు కోసం తూర్పు చూస్తారు, నేను వెలుగు కోసం చూస్తాను.

చూపించేది నిజమై ఉండాలి

న్యూజెర్సీలో ఉద్యోగం మారి, ఇక్కడికి రాకుండానే వీడియో చూసి ఆఫర్ పెట్టే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ జీవితంలో అతి పెద్ద కొనుగోలు నా మూడు నిమిషాల వీడియో మీద ఆధారపడుతుంది. పెరటి వెనక హైటెన్షన్ టవర్ ఉంటే దాన్ని ఎడిటింగులో చెరిపెయ్యమని ఒక ఏజెంట్ అడిగారు. కుదరదన్నాను, ఆ పని పోయింది. లిస్టింగ్ ఫోటోలు డిజిటల్‌గా మార్చి ఉంటే ఆ మాట చెప్పి తీరాలని కాలిఫోర్నియాలో 2026 జనవరి నుంచి చట్టమే వచ్చింది. చట్టం లేని చోట మన మాటే చట్టం అనుకోవాలి.

వ్యాఖ్యానంలో మాటలు కూడా జాగ్రత్త. "ఈ కాలనీలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు అని చెప్పండి" అని అడిగేవారుంటారు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఇంటి ప్రకటనలో జాతి, మతం, పుట్టిన దేశం వంటివాటి ఆధారంగా ఇష్టాయిష్టాలు సూచించకూడదు. ఇంటి గురించి చెప్పండి, ఇరుగుపొరుగు ఎవరో చెప్పకండి. సినిమా పాటలు కూడా వద్దు, లైసెన్సు ఉన్న సంగీతమే వాడాలి. చాలా ఎం.ఎల్.ఎస్.లు ఏజెంటు పేరు, ఫోను లేని వీడియోనే ఒప్పుకుంటాయి కాబట్టి ప్రతి వీడియో రెండు రకాలుగా తయారుచెయ్యండి.

వీసా, బీమా, కాలం

ఇది అన్నిటికన్నా ముఖ్యం. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు వీసా ఇప్పించిన కంపెనీకే పనిచెయ్యాలి. వారాంతపు వ్యాపారమైనా సరే, అది అనుమతి లేని పని కిందకి వస్తుంది. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే మొదలుపెట్టాను. హెచ్-4 వారికి పని అనుమతి కార్డు ఉంటే వాళ్ళు వ్యాపారం చేసుకోవచ్చు. కానీ హెచ్-1బి మీద ఉన్న భర్తో భార్యో అందులో డ్రోన్ ఎగరేస్తానంటే ముందు లాయర్ని అడగండి. మీ కంపెనీ వాళ్ళ పక్క వ్యాపారాల నిబంధనలు కూడా చదవండి.

మామూలు బిజినెస్ బీమా సాధారణంగా విమానాలను, డ్రోన్లను మినహాయిస్తుంది. డ్రోన్‌కి వేరే బీమా కావాలి. ఇంట్లో నడుస్తూ గాజు కుండీ పగలగొడితే డ్రోన్ బీమా పనికిరాదు. రెండూ ఉండాలి.

లెక్క ఇంత. డ్రోన్ పని 20 నిమిషాలు, రానూపోనూ ప్రయాణం గంట. అదే ఇంట్లో ఇంకో గంటన్నర ఉంటే ఒకే ప్రయాణంలో రెండు పనులు అవుతాయి, ఏజెంటుకి ఇద్దరిని పిలిచే బాధ తప్పుతుంది. అయితే ఎడిటింగ్ మరో మూడు గంటలు తింటుంది. ధర చెప్పేటప్పుడు ఆ మూడు గంటలు కూడా కలుపుకోండి.

మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ ఇల్లే తియ్యండి. దాన్ని ఆ ఇల్లు ఎప్పుడూ చూడని మిత్రుడికి పంపి, గదులు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీయమనండి. గీయగలిగితే మీరు ఏజెంట్లకు ఫోన్ చెయ్యడానికి సిద్ధంగా ఉన్నట్టే.