బాగున్న కాలే కొలబద్ద

కడప, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఒంటి సత్తువే ఆస్తి. సులైబియా పారిశ్రామిక వాడలోని షెడ్లలో నిచ్చెనలెక్కే వారికి, గిడ్డంగులలో బరువులు మోసేవారికి మోకాలి దగ్గర ఎముక విరిగి వంకరగా అతుక్కుంటే మెట్లెక్కడం కష్టం, నేలమీద కూర్చోవడం కష్టం, చివరికి అకామా నిలబడడమూ కష్టమే. అటువంటి వారి వెంట ఆస్పత్రికి దుబాసీలుగా వెళ్ళేది తరచు మన సభ్యులే గనుక, ఈ శస్త్రచికిత్స గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

వంకర తీయాలంటే ఎముకను మళ్ళీ కోసి, సరిచేసి, ప్లేటు వేసి బిగించాలి. ఎంత సరిచేయాలి? విరగక ముందు ఆ కాలు ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? బాగున్న కాలికి ఎవరూ ఫోటోలు తీయించి దాచుకోరు కదా! అయితే ప్రకృతి మనకొక నకలు ఇచ్చింది. అదే రెండో కాలు. కుడికాలిని అద్దంలో చూస్తే ఎడమకాలిలా కనబడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కంప్యూటర్లు రాకముందు కూడా సర్జన్లు మంచి కాలి ఎక్స్‌రేను ట్రేసింగు కాగితంపై గీసుకుని, దాన్ని తిరగేసి, దెబ్బతిన్న కాలి బొమ్మపై పెట్టి చూసుకునేవారు. కాని ఎక్స్‌రే నీడబొమ్మ మాత్రమే. ఎముక పక్కకు వంగితే కనబడుతుంది గాని, తన చుట్టూ తాను మెలి తిరిగితే సరిగా కనబడదు.

1971లో లండన్‌లో తొలిసారి రోగికి తీసిన సీటీ స్కాన్ ఈ లోటు తీర్చే దారి చూపింది. దాన్ని రూపొందించినందుకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు తుంటి, మోకాలు, చీలమండల దగ్గర రెండు కాళ్ళకూ స్కాన్ తీసి, కంప్యూటర్‌లో మూడు కొలతల బొమ్మ తయారుచేస్తారు. మంచికాలి బొమ్మను అద్దంలో లాగా తిప్పి, రెండో కాలిలో చెడని భాగంపై సరిగ్గా కూర్చోబెడతారు. మిగతా భాగం ఎక్కడ తప్పుకుందో అప్పుడు తెలిసిపోతుంది: వంపు ఎన్ని డిగ్రీలు, మెలి ఎంత, పొట్టితనం ఎంత అన్నది. ఎక్కడ కోయాలో ముందే నిర్ణయించి, ఎముకపై అతికినట్టు కూర్చునే ప్లాస్టిక్ అచ్చును కూడా కొన్నిచోట్ల ముద్రించుకుంటారు. ఆపరేషన్ బల్ల దగ్గర రంపానికి అదే దారి చూపుతుంది.

ఇందులో పరిమితులూ ఉన్నాయి. ఆరోగ్యవంతుల కాళ్ళు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. మెలిలో కొద్ది డిగ్రీలు, పొడవులో కొద్ది మిల్లీమీటర్లు తేడా సహజమే. స్కాన్ పడుకోబెట్టి తీస్తారు గనుక, బరువు మోకాలి మధ్యగా దిగుతోందా లేదా అన్నది చూడడానికి నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే కూడా కావాలి. రెండో కాలికీ పాత దెబ్బ గాని, కీళ్ళవాతం గాని ఉంటే అది కొలబద్దగా పనికిరాదు.

మన నేలనే చూడండి. నీటిలోని ఫ్లోరైడు ఎముకలకు తెచ్చే జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించారు. ఫ్లోరైడు ప్రాంతాలలో మోకాళ్ళు ఒరుసుకునేలా కాళ్ళు వంగిపోవడాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో రాశారు. రెండు కాళ్ళూ వంగిన వానికి ఏ కాలిని చూసి ఏ కాలు దిద్దాలి? అక్కడ సర్జను సగటు కొలతలను, తన అనుభవాన్ని నమ్ముకోవలసిందే.

మోకాలి నొప్పి ఉన్న ప్రతివారూ ఈ స్కాన్ కోసం పరుగెత్తనక్కరలేదు. వయసుతో అరిగిన మోకాలి మార్పిడికి సాధారణంగా దీని అవసరం రాదు. గర్భవతులు ఆ సంగతి ముందే చెప్పాలి.

వంకరగా అతికిన ఎముక విషయంలో మాత్రం డాక్టరును మొహమాటపడకుండా ఇలా అడగండి: “రెండో కాలితో పోల్చి చూశారా?” సబాహ్ వైద్య ప్రాంగణంలోని అల్ రాజీ ఎముకల ఆస్పత్రిలో చూపించుకున్నా, హైదరాబాదు వెళ్ళి చూపించుకున్నా రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి; స్కాన్ బొమ్మలున్న సీడీని అడిగి తీసుకోండి. కాగితం మీది నాలుగు వాక్యాలతో ఏ సర్జనూ కొలతలు తీయలేడు. ఊరికి ప్రయాణమయ్యేవారు ఆ సీడీని పెద్ద పెట్టెలో గాక, పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.